జెండా దించకుండా కొండ దిగారు: దేశాల తగాదాలు కోర్టులో ఎలా తెగుతాయి

తిరుపతి నుంచి చెన్నై వెళ్లే బస్సు పుత్తూరు, నగరి దాటిన కాసేపటికి రోడ్డు పక్క బోర్డులు తమిళంలోకి మారిపోతాయి. అక్కడ గోడ లేదు, కంచె లేదు. ఇంకొంత దూరం పోతే తిరుత్తణి, కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి గుడి. ఆడికృత్తిక వచ్చిందంటే నగరి, పుత్తూరు, చిత్తూరు వైపు నుంచి పసుపు బట్టలు కట్టుకుని, పూల కావళ్లు భుజానికెత్తుకుని తెలుగు కుటుంబాలు ఆ కొండకు వెళ్తాయి. రాష్ట్రం దాటుతున్నామన్న ధ్యాస కూడా చాలామందికి ఉండదు.

1960 మార్చి 31 దాకా ఆ తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఒక తాలూకా. మర్నాడు మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అదే రోజు చెంగల్పట్టు జిల్లా నుంచి సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. ఇవాళ శ్రీసిటీ ఫ్యాక్టరీల పేరుతో తెలిసిన సత్యవేడు, అప్పటిదాకా అటువైపు ఊరు.

ఈ మార్పు దానంతట అది జరిగింది కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేనాటికే చిత్తూరు జిల్లా ఎవరిదన్న గొడవ బాగా ముదిరింది. తమిళ నేలకు వేంగడమే ఉత్తర హద్దు అంటూ మ.పొ. శివజ్ఞానం నాయకత్వంలో ఉద్యమం నడిచింది. వేంగడం అంటే మన తిరుమల కొండే. ఇటువైపు తెలుగువాళ్ల పట్టుదల ఇటుంది. చివరికి కేంద్రంలో న్యాయశాఖ చూసిన హెచ్.వి. పటాస్కర్ మధ్యవర్తిగా కూర్చున్నారు. గ్రామాన్ని యూనిట్‌గా తీసుకోవాలి, ఆ ఊళ్లో ఎక్కువమంది మాట్లాడే భాష చూడాలి, ఊళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. ఈ కొలతలు పెట్టుకున్నాక ఏ ఊరు ఎటు అన్నది లెక్కల పని అయింది. 1959లో పార్లమెంటు చట్టం చేసింది. బాధపడినవాళ్లు రెండు వైపులా ఉన్నారు. అయినా ఆ గీత నిలిచింది.

పల్లెల్లో గట్టు తగాదా తెంపే పద్ధతిని దగ్గర నుంచి చూసినవాళ్లకు ఇందులోని కిటుకు తెలిసే ఉంటుంది. పెద్దమనుషులు చెట్టు కింద కూర్చోగానే పొలం గురించి అడగరు. ముందు అడిగే మాట ఒక్కటే: "మేం ఏం చెప్పినా ఇద్దరూ కట్టుబడతారా?" ఇద్దరూ సరే అన్నాకే సర్వేయర్‌కు కబురు వెళ్తుంది, ఎఫ్‌ఎంబీ, అంటే పొలాల కొలతల పుస్తకం, బయటికి వస్తుంది, గొలుసు లాగుతారు, పాత సర్వే రాయి కోసం గడ్డి పీకి మట్టి తవ్వుతారు. ఇద్దరిలో ఒకడు "చూద్దాంలే" అన్నాడంటే ఆ పంచాయతీ అక్కడితో ఆగిపోతుంది.

దేశాల మధ్య తగాదాలు తీర్చే కోర్టులన్నీ ఆ మొదటి ప్రశ్న మీదే నిలబడ్డాయి. రాష్ట్రాలకు పైన పార్లమెంటు ఉంది, సుప్రీంకోర్టు ఉంది. తమిళనాడు కేసు వేస్తే ఆంధ్రప్రదేశ్ "మేం రాము" అనడానికి వీల్లేదు. దేశాలకు అలా పైన ఎవరూ లేరు. సమన్లు ఇచ్చి లాక్కొచ్చే పోలీసు లేడు. ఒక దేశం తనంతట తాను ఒప్పుకుంటేనే జడ్జి ముందుకు వస్తుంది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే, హేగ్ నుంచి వచ్చే వార్తల్లో సగం గందరగోళం విడిపోతుంది.

ఇంకో గందరగోళం కూడా ఇక్కడే తీర్చుకోవాలి. మన పేపర్లలో, టీవీల్లో "అంతర్జాతీయ కోర్టు" అనే ఒకే మాటతో రెండు వేర్వేరు సంస్థలను పిలుస్తుంటారు. రెండూ నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలోనే ఉండటంతో తికమక ఇంకా పెరుగుతుంది. అంతర్జాతీయ న్యాయస్థానం, అంటే ఐసీజే, ఐక్యరాజ్యసమితికి చెందినది. అక్కడ వాది, ప్రతివాది ఇద్దరూ దేశాలే. అంతర్జాతీయ నేర న్యాయస్థానం, అంటే ఐసీసీ, 1998 నాటి రోమ్ ఒప్పందంతో పుట్టి 2002 జూలైలో మొదలైంది. అది మనుషులను విచారిస్తుంది. యుద్ధ నేరాలు, సామూహిక హత్యలు చేయించిన నాయకుల మీద వారెంటు ఇచ్చేది ఆ కోర్టు. దానిలో భారత్ సభ్యదేశం కాదు. ఈ వ్యాసం మొదటి రకం గురించే.

వీటి చరిత్ర పాతదే. 1794లో అమెరికా, బ్రిటన్ జే ఒప్పందం చేసుకుని, యుద్ధం మిగిల్చిన లెక్కలు కొన్నింటిని తేల్చే పని ఉమ్మడి కమిషన్లకు అప్పగించాయి. ఆధునిక కాలంలో దేశాల మధ్యవర్తిత్వం అక్కడి నుంచే మొదలైందని చెబుతారు. ఆ రెండు దేశాల మధ్యే తర్వాత ఇంకా పెద్ద గొడవ వచ్చింది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది తిరుగుబాటుదారులకు బ్రిటన్ రేవుల్లో ఓడలు తయారయ్యాయి. వాటిలో అలబామా అనే ఓడ ఉత్తరాది వ్యాపార నౌకలను వరసగా ముంచింది. యుద్ధం దాకా పోవాల్సిన ఆ గొడవ జెనీవాలో ఐదుగురు మధ్యవర్తుల ముందుకు వెళ్లింది. 1872లో వాళ్లు బ్రిటన్‌ను 1.55 కోట్ల డాలర్లు కట్టమన్నారు. అప్పటి ప్రపంచంలో అందరికన్నా పెద్ద నౌకాదళం బ్రిటన్‌దే. అయినా కట్టింది. అంత బలమైన దేశం తీర్పుకు తలొగ్గడం చూశాక, ఇది పనికొచ్చే మార్గమేనని మిగతా దేశాలకు నమ్మకం కలిగింది.

1899లో రష్యా జార్ రెండో నికోలస్ చొరవతో హేగ్‌లో జరిగిన శాంతి సమావేశం శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానాన్ని పెట్టింది. పేరులో శాశ్వతం అని ఉన్నా అక్కడ ఎప్పుడూ కూర్చుని ఉండే జడ్జీలు లేరు. ఒక పేర్ల జాబితా, ఒక ఆఫీసు ఉంటాయి. తగాదా వచ్చినప్పుడు రెండు దేశాలూ కలిసి ట్రిబ్యునల్‌ను కూర్చుకుంటాయి. అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన 15 లక్షల డాలర్లతో కట్టిన శాంతి సౌధం 1913 ఆగస్టులో తెరుచుకుంది. ఏడాది తిరగకుండానే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. యుద్ధం తర్వాత నానాజాతి సమితి నీడలో 1922లో ఒక నిజమైన కోర్టు మొదలైంది. రెండో యుద్ధంలో అదీ చెదిరిపోయింది. దాని జాగాలో, అదే భవనంలో, 1946 ఏప్రిల్‌లో ఐసీజే పని మొదలుపెట్టింది. 15 మంది జడ్జీలు, తొమ్మిదేళ్ల పదవి. ఒకే దేశం వాళ్లు ఇద్దరు ఉండకూడదు. సర్వప్రతినిధి సభ, భద్రతామండలి విడివిడిగా ఓటేసి ఎన్నుకుంటాయి. కోర్టు ఫీజు లేదు. అప్పీలు కూడా లేదు.

మన దేశం నుంచి బెనెగళ్ నరసింగరావు, నాగేంద్ర సింగ్, ఆర్.ఎస్. పాఠక్, దల్వీర్ భండారీ ఈ కోర్టులో జడ్జీలుగా కూర్చున్నారు. నాగేంద్ర సింగ్ 1985 నుంచి 1988 దాకా అధ్యక్షుడిగా చేశారు. అయితే వీళ్లెవరూ అక్కడ దేశ ప్రతినిధులు కారు. 2022 మార్చి 16న యుక్రెయిన్‌లో సైనిక చర్య ఆపాలని రష్యాకు కోర్టు ఆదేశం ఇచ్చింది. 13 మంది జడ్జీలు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఐక్యరాజ్యసమితి ఓటింగుల్లో భారత ప్రభుత్వం ఎటూ ఓటు వేయకుండా ఉన్న రోజులవి. భండారీ మాత్రం రష్యాకు వ్యతిరేకంగా ఆ 13 మందితో నిలిచారు.

ఇక ఈ కోర్టు పని ఎలా ఉంటుందో తెలియాలంటే, తిరుపతి వాళ్లకు దగ్గరగా అనిపించే కేసు ఒకటుంది. అది ఒక గుడి కేసు.

థాయ్‌లాండ్, కంబోడియా మధ్య డాంగ్రెక్ కొండల వరస ఉంది. అందులో 500 మీటర్లకు పైగా ఎత్తున్న ఒక శిఖరం అంచున ప్రీహ్ విహార్ అనే శివాలయం ఉంది. ఖ్మేర్ రాజులు కట్టించినది. గుడి మెట్లు ఉత్తరం వైపు, అంటే థాయ్‌లాండ్ వైపు దిగుతాయి. అటు నుంచి వచ్చేవాళ్లు మెల్లగా నడిచి ఎక్కవచ్చు. కంబోడియా వైపు నిట్టనిలువు కొండచరియ. దేవుడు ఒకరి నేల మీద, మెట్లదారి మరొకరి ఊరి వైపు అన్నట్టు ఉంటుంది అక్కడి పరిస్థితి.

1904లో కంబోడియాను ఏలుతున్న ఫ్రాన్స్, అప్పట్లో సయాం అనే పేరున్న థాయ్‌లాండ్ ఒప్పందం చేసుకున్నాయి. సరిహద్దు నీటి విభజన రేఖ వెంట పోవాలి. అంటే కొండ మీద పడిన వాన ఎక్కడ రెండుగా చీలి అటూ ఇటూ పారుతుందో అదే హద్దు. కాగితం మీద అంతా సరిగానే ఉంది. కానీ మ్యాపు గీయాలి కదా. సయాం దగ్గర ఆ పని తెలిసినవాళ్లు లేక ఫ్రెంచి అధికారులనే గీయమని అడిగారు. 1907లో మ్యాపులు తయారై, పారిస్‌లో అచ్చయి, సయాంకు చేరాయి. వాటిలో గుడి కంబోడియా వైపు పడింది. నిజంగా నీళ్లు చీలే గీత చూస్తే గుడి సయాం వైపు ఉండాలని థాయ్ వాళ్ల వాదన.

సయాం అప్పుడు ఏం చేసింది? మ్యాపులు అందాయని కృతజ్ఞత చెప్పింది. హోంమంత్రిగా ఉన్న రాజకుమారుడు దామ్రోంగ్, రాష్ట్రాల అధికారులకు పంచడానికి ఇంకో 15 కాపీలు అడిగారు. గుడి సంగతి ఎవరూ ఎత్తలేదు. 1930లో ఆయనే ఆ గుడి చూడటానికి వెళ్లారు. అక్కడ ఫ్రెంచి అధికారి యూనిఫాంలో ఎదురొచ్చి, ఫ్రెంచి జెండా ఎగురుతుండగా అతిథికి స్వాగతం పలికారు. తన ఇంటికి వచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు. దామ్రోంగ్ ఏమీ అనలేదు. తిరిగి వెళ్లాక ఫొటోలు పంపి కృతజ్ఞతలు తెలిపారు. 1934–35లో థాయ్ సర్వేలోనే మ్యాపుకూ నేలకూ తేడా ఉన్నట్టు తేలింది. ఆ తర్వాత కూడా గుడిని కంబోడియాలో చూపిస్తూ సొంత మ్యాపు అచ్చేశారు.

1953లో కంబోడియా స్వతంత్రమైంది. గుడి దగ్గర థాయ్ కాపలా ఉంది. మాటలతో తెగక 1959లో కంబోడియా హేగ్‌కు వెళ్లింది. దాని తరఫున అమెరికా మాజీ విదేశాంగమంత్రి డీన్ అచెసన్ వాదించారు. 1962 జూన్ 15న తీర్పు వచ్చింది. తొమ్మిది మంది జడ్జీలు గుడి కంబోడియాదే అన్నారు, ముగ్గురు కాదన్నారు. మ్యాపు సరైనదా తప్పా అన్న లోతుల్లోకి కోర్టు పెద్దగా పోలేదు. మ్యాపు చేతికొచ్చిన రోజు నుంచి అభ్యంతరం చెప్పడానికి ఎన్నో సందర్భాలు వచ్చాయి, ఒక్కసారీ చెప్పలేదు, కాబట్టి ఒప్పుకున్నట్టే అంది. మౌనం అర్ధాంగీకారం అంటాం మనం. హేగ్ కోర్టు దాన్ని పూర్తి అంగీకారంగానే లెక్కగట్టింది.

సర్వే ఆఫీసుల చుట్టూ తిరిగిన రైతులకు ఈ తీర్పు కొత్తగా అనిపించదు. పక్కవాడు గట్టు జరిపినప్పుడు "పోనీలే" అని ఊరుకుంటే, పదేళ్ల తర్వాత ఆ ఊరుకోవడమే సాక్ష్యమై ఎదురు నిలుస్తుంది. విదేశాంగ శాఖలు చిన్న చిన్న విషయాలకు కూడా నిరసన లేఖలు పంపుతుంటాయి. పక్క దేశం మ్యాపులో ఒక గీత తేడాగా వస్తే మర్నాడే ప్రకటన వస్తుంది. చూసేవాళ్లకు అతిగా అనిపించవచ్చు. ప్రీహ్ విహార్ కేసు తెలిసిన వాళ్లకు అలా అనిపించదు.

థాయ్‌లాండ్‌లో ఏడ్చినంత పని అయింది. ప్రధాని సరిత్ తనరత్ ఈ తీర్పు అన్యాయమని దేశానికి చెబుతూనే, సమితి సభ్యదేశంగా పాటిస్తామన్నారు. సైనికులు కొండ దిగేటప్పుడు తమ జెండా దించడానికి మనసొప్పలేదు. జెండా ఎగురుతుండగానే కర్రతో సహా పెకలించి, తమ వైపున్న పక్క శిఖరం మీదికి మోసుకెళ్లి నాటారు. కొన్ని నెలలకు, 1963 జనవరిలో, కంబోడియా రాజకుమారుడు సిహనూక్ నిట్టనిలువు చరియ వైపు నుంచే గుడికి ఎక్కారు. థాయ్ ప్రజలు వీసా లేకుండా గుడికి రావచ్చని ప్రకటించారు.

దేశాల కోర్టు చేసే మేలు ఆ జెండాకర్రలో కనిపిస్తుంది. తుపాకీకి భయపడి వెనక్కి వచ్చిన ప్రభుత్వం ఇంట్లో తలెత్తుకోలేదు. "కోర్టు చెప్పింది, మాట తప్పని దేశం మనది, అందుకే వచ్చేశాం" అనే ప్రభుత్వానికి ఒక దారి దొరుకుతుంది. ఓడినవాడికి పరువుగా ఇంటికి వచ్చే వీలు ఇవ్వడం తీర్పులోని న్యాయం ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. లిబియా, చాద్ మధ్య ఔజూ అనే ఎడారి పట్టీ కోసం యుద్ధాలు జరిగాయి. 1994 ఫిబ్రవరి 3న కోర్టు అది చాద్‌దే అంది. లిబియాను ఏలిన గడాఫీ అంతటివాడు మే నెలాఖరుకల్లా సైన్యాన్ని వెనక్కి పిలిచాడు. బకాసీ ద్వీపకల్పం కామెరూన్‌దని 2002లో తీర్పు వచ్చినప్పుడు నైజీరియా మొదట ససేమిరా అంది. అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ కూర్చోబెట్టి మాట్లాడించాక 2006లో ఒప్పందం కుదిరింది. 2008 ఆగస్టులో అప్పగింత పూర్తయింది.

మరి మన సంగతేంటి? భారత్‌కు ఈ కోర్టుతో పరిచయం విచిత్రంగా మొదలైంది. 1954లో దాద్రా, నగర్ హవేలీ ప్రజలు పోర్చుగీసు పాలనను తరిమేశారు. ఆ ఊళ్లకు చేరాలంటే మన నేల మీదుగా పోవాలి. భారత్ దారి ఇవ్వలేదు. పోర్చుగల్ 1955 డిసెంబరు 14న ఐక్యరాజ్యసమితిలో చేరింది. 19న ఐసీజే పరిధిని ఒప్పుకుంటున్నామని పత్రం ఇచ్చింది. 22న భారత్ మీద కేసు వేసింది. కేసు వేయడం కోసమే సభ్యత్వం తీసుకుందా అన్నంత వేగం అది. 1960 ఏప్రిల్ 12న తీర్పు వచ్చింది. మామూలు జనానికి, సరుకులకు, సివిల్ అధికారులకు దారి హక్కు ఉంది, సైన్యానికి లేదు, 1954లో దారి ఆపి భారత్ తప్పేమీ చేయలేదు. అందరికీ తలా ఒక ముక్క దక్కిన ఆ తీర్పు తర్వాత ఏడాదికే ఆ ప్రాంతం భారత్‌లో విలీనమైంది.

ఇక్కడ ఆ పెద్దమనుషుల ప్రశ్న మళ్లీ వస్తుంది. "కట్టుబడతారా?" అంటే దేశాలు మూడు రకాలుగా అవునంటాయి. ఈ ఒక్క కేసుకు వస్తామని ఇద్దరూ కలిసి రాసుకోవచ్చు. ఏదైనా ఒప్పందంలో, దాని మీద గొడవ వస్తే ఐసీజేకి పోదాం అని ముందే ఒక నిబంధన పెట్టుకోవచ్చు. లేదా అదే మాట ఇచ్చిన ఏ దేశం కేసు వేసినా వస్తామని ఒక ప్రకటన దాఖలు చేయవచ్చు. 193 సమితి సభ్యదేశాల్లో అలాంటి ప్రకటన ఇచ్చినవి 70 పైచిలుకే. అవి కూడా బోలెడు మినహాయింపులతో ఉంటాయి. భారత్ 1974లో ఇచ్చిన ప్రకటనలో కామన్వెల్త్, అంటే ఎక్కువగా ఒకప్పటి బ్రిటిష్ పాలిత దేశాల కూటమిలోని దేశాలతో వచ్చే తగాదాలకు మినహాయింపు ఉంది. 2019లో ప్రకటనను కొత్తగా ఇచ్చింది.

ఆ మినహాయింపు విలువ 1999లో తెలిసింది. కార్గిల్ యుద్ధం ముగిసిన కొద్ది వారాలకు, ఆగస్టు 10న, కచ్ ప్రాంతంలో పాకిస్తాన్ నౌకాదళ విమానం అట్లాంటిక్‌ను మన వాయుసేన కూల్చింది. 16 మంది చనిపోయారు. పాకిస్తాన్ హేగ్‌కు వెళ్లింది. తన దేశం జడ్జి బెంచి మీద లేనప్పుడు ఆ కేసు వరకు ఒక జడ్జిని నియమించుకునే వీలు ప్రతి దేశానికీ ఉంటుంది. భారత్ ఎంచుకున్నది తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డిని. ఆయన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన జడ్జి. విమానం ఎవరి గగనతలంలో ఉందన్న వాదన దాకా కేసు పోనేలేదు. పాకిస్తాన్ కామన్వెల్త్ దేశం, ఆ దేశాల తగాదాలకు భారత్ ఒప్పుకోలేదు, కాబట్టి మాకు అధికారం లేదని 2000 జూన్ 21న కోర్టు 14–2 తేడాతో చెప్పేసింది.

అదే భారత్ 2017లో పాకిస్తాన్‌ను అదే కోర్టుకు ఎలా తీసుకెళ్లగలిగింది? గూఢచారి అంటూ పాకిస్తాన్ ఉరిశిక్ష వేసిన భారతీయుడు కుల్‌భూషణ్ జాధవ్ కేసులో భారత్ ఆ ప్రకటనను ముట్టుకోలేదు. విదేశంలో అరెస్టయిన వ్యక్తిని అతని దేశపు దౌత్యాధికారులు కలవవచ్చని వియన్నా ఒప్పందం చెబుతుంది. దాని మీద తగాదా వస్తే ఐసీజేకి పోవచ్చనే అనుబంధ పత్రం మీద రెండు దేశాలూ ఎప్పుడో సంతకం పెట్టాయి. ఆ పాత సంతకమే తలుపు తెరిచింది. 2017 మే 18న ఉరి ఆపమని ఆదేశం వచ్చింది. 2019 జూలై 17న 15–1 తేడాతో తుది తీర్పు వచ్చింది. దౌత్యాధికారులను కలవనివ్వక పాకిస్తాన్ తప్పు చేసింది, శిక్షను మళ్లీ సమీక్షించాలి అంది. విడుదల చేయమని మాత్రం చెప్పలేదు. ఆ రోజు సంబరాల్లో ఈ చివరి ముక్క చాలామందికి వినపడలేదు. ఐసీజే మీద పెట్టుకునే ఆశకూ, అది ఇవ్వగలిగిన దానికీ మధ్య దూరం అక్కడే ఉంది. అయినా ఒక మనిషి ప్రాణం ఉరితాడు దగ్గర ఆగింది. అది చిన్న విషయం కాదు.

భారత్ తీర్పును మింగలేక మింగిన సందర్భం కచ్ రణ్ కేసు. 1965 ఏప్రిల్‌లో ఆ ఉప్పు ఎడారిలో పోరు జరిగాక, బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ మధ్యలో ఉండగా ముగ్గురి ట్రిబ్యునల్‌కు రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. భారత్ యుగోస్లావియా జడ్జిని, పాకిస్తాన్ ఇరాన్ దౌత్యవేత్తను ఎంచుకున్నాయి. అధ్యక్షుడు స్వీడన్ జడ్జి లాగెర్‌గ్రెన్. 1968 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది. తగాదా పడిన నేలలో దాదాపు 90 శాతం భారత్‌కు, మిగిలింది పాకిస్తాన్‌కు. ఆ పది శాతంలో కాస్త ఎత్తుగా, పచ్చిక ఉండే తావులు ఉన్నాయి. దేశంలో అగ్గి రాజుకుంది. జనసంఘ్ సత్యాగ్రహం చేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇది నేల ఇచ్చేయడం కాదు, ఎక్కడుందో తేలని హద్దును తేల్చడం మాత్రమేనని, రాజ్యాంగ సవరణ అక్కర్లేదని 1969లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇందిరాగాంధీ ప్రభుత్వం మాటకు కట్టుబడింది. సరిహద్దు స్తంభాలు పాతారు. మూడో మనిషిని హద్దుల దగ్గరికి రానివ్వకూడదన్న ఢిల్లీ జంకు ఆ అనుభవం నుంచే గట్టిపడిందనుకోవాలి.

అయినా 2014లో ఇంకో మాట నిలబెట్టుకుంది. బంగాళాఖాతంలో భారత్, బంగ్లాదేశ్ హద్దు మీద హేగ్ మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ జూలై 7న తీర్పు ఇచ్చింది. తగాదా పడిన సుమారు 25,600 చదరపు కిలోమీటర్ల సముద్రంలో 19,467 బంగ్లాదేశ్‌కు వెళ్లాయి. ఐదు ముక్కల్లో నాలుగు దాకా చిన్న దేశానికే దక్కాయి. భారత్ నియమించిన సభ్యుడు మన పెమ్మరాజు శ్రీనివాసరావు కొన్ని అంశాల్లో విభేదిస్తూ తన అభిప్రాయం విడిగా రాశారు. ప్రభుత్వం మాత్రం తీర్పును ఒప్పుకుంది. సముద్ర న్యాయంలో తెలుగువారి పేర్లు ఇంకా ఉన్నాయి. జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్‌లో పాటిబండ్ల చంద్రశేఖరరావు 1996 నుంచి రెండు దశాబ్దాలకు పైగా జడ్జిగా ఉన్నారు, 1999 నుంచి 2002 దాకా అధ్యక్షుడిగా చేశారు. సూళ్లూరుపేట, పులికాట్ వైపు తీరం ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. వలల హద్దు కోసం ఆంధ్ర, తమిళ జాలర్లు పులికాట్‌లో తగవులాడుకోవడం ఇక్కడి వాళ్లకు కొత్త కాదు. నీళ్ల మీద గీత గీయడం ఎంత కష్టమో వాళ్లను అడిగితే తెలుస్తుంది.

తీర్పు పాటించకపోతే? ఐక్యరాజ్యసమితి చార్టర్ 94వ అధికరణం ప్రకారం గెలిచిన దేశం భద్రతామండలికి పోవచ్చు. అక్కడ ఐదు పెద్ద దేశాల చేతుల్లో వీటో, అంటే తీర్మానాన్ని అడ్డుకునే హక్కు, ఉంది. 1986 జూన్ 27న నికరాగువా కేసులో అమెరికా ఓడింది. తిరుగుబాటుదారులకు ఆయుధాలు ఇవ్వడం, రేవుల్లో మందుపాతరలు పెట్టడం చట్టవిరుద్ధం అని కోర్టు తేల్చింది. అమెరికా పాటించలేదు, మండలిలో వీటో వేసింది. దక్షిణ చైనా సముద్రం మీద 2016 జూలై 12 నాటి ట్రిబ్యునల్ తీర్పును చైనా ఆ రోజే తిరస్కరించింది. 2022 ఆదేశాన్ని రష్యా పట్టించుకోలేదు. వీటో ఉన్న పెద్ద దేశాల దగ్గర ఈ కోర్టు మాట చెల్లడం కష్టమని ఒప్పుకోవాలి. అందువల్ల కోర్టే దండగ అనడం మాత్రం తొందరపాటు. ఐసీజే మొదటి కేసునే చూడండి. కోర్ఫూ జలసంధిలో బ్రిటన్ యుద్ధనౌకలు మందుపాతరలకు దెబ్బతిన్నాయి. అల్బేనియా 8,43,947 పౌండ్లు కట్టాలని 1949లో కోర్టు చెప్పింది. అల్బేనియా కట్టలేదు. నలభై ఏళ్లు గడిచి, ప్రభుత్వాలు మారాక, 1992లో రెండు దేశాలూ రాజీకి వచ్చాయి. డబ్బు ముట్టింది 1996లో. తీర్పు అన్నేళ్లూ బీరువాలో బాకీ పత్రంలా బతికే ఉంది.

నీటి తగాదాల్లో ఒప్పుకోలు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. చిత్తూరు జిల్లాలో పాలారు నడక చిన్నది. కర్ణాటకలో పుట్టి, కుప్పం ప్రాంతంలో 33 కిలోమీటర్లు పారి తమిళనాడులోకి పోతుంది. అక్కడ గణేశపురం దగ్గర ఆంధ్రప్రదేశ్ రిజర్వాయరు కట్టాలనుకుంటే తమిళనాడు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆధారం 1892లో మద్రాసు, మైసూరు చేసుకున్న ఒప్పందం. ఇష్టమున్నా లేకున్నా రెండు రాష్ట్రాలూ ఆ కోర్టులో జవాబు చెప్పుకోవాల్సిందే. సింధు నది దగ్గర అలా కాదు. భారత్, పాకిస్తాన్ చేసుకున్న 1960 ఒప్పందంలోనే మధ్యవర్తిత్వానికి దారి రాసుకున్నారు. ఆ దారిన కిషన్‌గంగ కేసు నడిచింది. 2013 డిసెంబరు 20న ట్రిబ్యునల్, కరెంటు కోసం భారత్ నీళ్లు మళ్లించవచ్చు, కానీ కిందికి సెకనుకు కనీసం 9 ఘనపు మీటర్లు వదలాలి అంది. ఇద్దరూ సర్దుకున్నారు. తర్వాతి కేసుకు వచ్చేసరికి ఆ ట్రిబ్యునల్ ఏర్పాటే చెల్లదని భారత్ దూరంగా ఉండిపోయింది. పహల్గాం దాడి మర్నాడు, 2025 ఏప్రిల్ 23న, ఒప్పందాన్నే పక్కన పెట్టింది. జూన్‌లో ట్రిబ్యునల్ తనకు అధికారం ఉందని ఇంకో నిర్ణయం ఇచ్చింది. భారత్ దాన్ని గుర్తించలేదు. నమ్మకం పోయాక పాత సంతకం ఒక్కటే అంత బరువు మోయలేదు.

ప్రీహ్ విహార్ కథ కూడా అలాగే మిగిలింది. 2008లో ఆ గుడిని యునెస్కో వారసత్వ కట్టడంగా గుర్తించగానే రెండు సైన్యాలూ ఎదురెదురయ్యాయి. 1962 తీర్పుకు అర్థం చెప్పమని కంబోడియా అడిగితే, గుడి ఉన్న కొండకొమ్ము మొత్తం కంబోడియాదేనని 2013 నవంబరు 11న కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. చుట్టూ ఉన్న మిగతా కొండల సంగతి మాత్రం తేలలేదు. 2025 జూన్‌లో, ఇంకొన్ని పాత గుళ్లున్న చోట్ల గురించి మళ్లీ హేగ్‌కు పోదామని కంబోడియా అంది. కోర్టు పరిధిని ఒప్పుకుంటూ ఒకప్పుడు ఇచ్చిన ప్రకటనను థాయ్‌లాండ్ 1960లోనే ముగిసిపోనిచ్చింది, మళ్లీ ఇవ్వలేదు. ఇద్దరమే మాట్లాడుకుందాం అంది. జూలై 24న ఆ కొండల్లో ఫిరంగులు పేలాయి. ఐదు రోజుల్లో రెండు వైపులా లక్షల మంది ఇళ్లు వదిలి క్యాంపుల్లో తలదాచుకున్నారు. ఇక్కడ అది ఆడి మాసం. నగరి రోడ్డు మీద తిరుత్తణి బస్సులు నడుస్తూనే ఉన్నాయి.